మూడు బూరుగుల్లో ఒకటి

ప్రతి ఏడూ మే నెలలో ఫెర్మిన్ అరానాకి ఉత్తరాలు వస్తాయి. ఒక ఏడు ఇరవై, ఒక ఏడు ముప్ఫై. ఆయనకి చదవడం రాదు. ఆ కట్ట చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చి, బోర్లించిన దోనె మీద కూర్చుని కాళ్ళు చాపుకుంటాడు.

"అల్లుడూ, నా పిల్లలు రాశార్రా. చదువు."

ఆయనకి పిల్లల్లేరు. ఆ రాసినవాళ్ళు ఫిబ్రవరిలో అమెరికా నుంచి వచ్చే విద్యార్థులు. ఒక వారం మా ఊరి వెనక అడవిలో ఉంటారు, ఇంకో వారం మా ఊరి ముందున్న పగడపు దిబ్బల మీద ఉంటారు, నోటు పుస్తకాలు నింపుకుని పోతారు. మా ఊరు శాన్ లీనోలో వాళ్ళని తిప్పేవాళ్ళం ఇద్దరమే. చుక్కాని ఫెర్మిన్ మామది. ఆయన వెనక నిలబడి సామాను సర్దేదీ, పిల్లలతో నీళ్ళలోకి దూకేదీ నేను.

నేను చదువుతాను. "'మిస్టర్ ఫెర్మిన్, మీరు మా తలలు నీళ్ళలో పెట్టించి వినమన్నారు. ఆ చప్పుడు నాకిప్పటికీ నిద్రలో వినిపిస్తోంది.'"

"ఆ తర్వాత?"

ఆ తర్వాత వాక్యం ఇది: మా నాన్నకంటే మీరే నాకు ఎక్కువ గుర్తొస్తున్నారు. 

"అంతే మామా. ఇట్లు అని పేరు రాసింది."

"చిన్నదే రాసిందే. మాటకారి పిల్లయ్యే."

ఇలా ప్రతి ఉత్తరంలోనూ ఒక ముక్క మింగేసేవాణ్ణి. ఆ ఏడు ఒక కుర్రాడు అడుగున ఇలా రాశాడు: 'లాటిన్ పేర్లు చెప్పిన ఆ ఇంకో ఆయనకి కూడా నమస్కారం చెప్పండి.' ఇంకో ఆయన! పధ్నాలుగు రోజులు వాడి పక్కనే తిన్నాను, వాడి కాలికి సముద్రపు ముల్లు గుచ్చుకుంటే నా పళ్ళతో లాగాను. ఆ ముక్క మాత్రం మింగలేదు. 'సిల్వానోకి కూడా నమస్కారం' అని మార్చి చదివాను. అది నా పేరు.

"చూశావా, నిన్నూ మర్చిపోలేదు," అన్నాడు మామ సంతోషంగా. ఆ సంతోషం చూస్తే నాకు ఒళ్ళు మండింది.

నేను ఆరో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత చదివిందంతా విద్యార్థులు వదిలేసి పోయిన పుస్తకాల్లోంచే. బూజు పట్టిన పక్షుల పుస్తకం, అట్ట ఊడిన పగడాల పుస్తకం, ఆఖరి మూడు సంపుటాలు లేని విజ్ఞాన సర్వస్వం. మా దిబ్బల మీదున్న పగడాల్లో నలభై ఒక్క రకాల పేర్లు నాకు నోటికొచ్చు. నేను వాటిని చెబుతుంటే పిల్లలు రాసుకుంటారు. మామ 'వినండి' అంటే రాసుకోవడం ఆపేసి కళ్ళు మూసుకుంటారు. తేడా అక్కడుంది.

వాళ్ళు వినేది వంటింట్లో. అది మామ పెట్టిన పేరు. ఊరికి రెండు గంటల దూరంలో, నలభై అడుగుల లోతు నీళ్ళలోంచి ఒక పగడపు గుట్ట లేస్తుంది. మా చర్చి అంత ఉంటుంది, అంతే. దాని మీద నీరు రంగు మారేది సరిగ్గా దాని నెత్తిన నిలబడితేనే. పక్కనుంచి పోయినా తెలీదు. నీళ్ళలో తల పెడితే మాత్రం వందల చిలుక చేపలు పగడాన్ని కొరుకుతూ కటకటమని మోత. పదిమంది ఆడవాళ్ళు పెళ్ళి వంట చేస్తున్నట్టుంటుంది. చాటల్లాంటి టేకు చేపలు రెక్కలు ఆడిస్తూ ఆ గుట్ట చుట్టూ తిరుగుతాయి. అలాంటి చోటు మా తీరంలో ఇంకోటి లేదు. దాని ఆనవాలు ఫెర్మిన్ మామకొక్కడికే తెలుసు.

ఆనవాలంటే మాలో ఆస్తి. గట్టు మీద రెండు గుర్తులు ఒకదాని మీదికొకటి రావాలి, ఇంకో పక్క ఇంకో రెండు కలవాలి, ఆ రెండు గీతలూ కోసుకున్నచోట నీ పడవ ఉండాలి. అప్పుడు నీ చేప నీ కింద ఉంటుంది. కొడుక్కి తప్ప ఎవడూ చెప్పడు. ఎవరైనా అడిగితే కాదనకూడదు, అది మర్యాద కాదు. అబద్ధం చెప్పాలి. అందుకే మావాళ్ళలో ఎవడూ సముద్రం మీద తన ఆనవాలు వైపు సూటిగా చూడడు. మొహం ఒక దిక్కున పెట్టి కంటికొసతో ఇంకో దిక్కు చూస్తాడు. 

అబద్ధపు ఆనవాలు పుచ్చుకుని వెళ్ళినవాణ్ణి ఊరంతా గట్టు మీద కూర్చుని చూస్తుంది. దాన్ని చుట్టించడం అంటాం. పదిహేడేళ్ళప్పుడు నన్ను మా అమ్మ సొంత తమ్ముడే చుట్టించాడు. రెండు గంటలు ఒకేచోట గుండ్రంగా తిరిగాను. వేయించిన చేపలు తింటూ, ఇంకో రౌండు కొట్టరా అని అరుస్తూ వాళ్ళు చూశారు. అప్పట్నుంచి డామినో ఆడే ముసలాళ్ళకి నేను బొంగరాన్ని. ఇప్పుడు నాకు ఇరవై ఆరు. 

ఇక ఫెర్మిన్ మామ బతుకు. అందులో గొప్ప ఏమీ లేదు, అదే నా కడుపుమంట. అయిదో సంతానం. బడికి రెండు నెలలు పోయాడు, తర్వాత వాళ్ళ నాన్నకి దోనెలో సాయానికి ఒక మనిషి తక్కువైంది. పదకొండేళ్ళకే ఊపిరి బిగబట్టి శంఖాలకి మునిగేవాడు. కొన్నాళ్ళు అరటితోటల్లో గెలలు మోశాడు. వీపు మీద సాలీడు కుట్టిన మచ్చ ఉంది, ఫెలిసిటా అత్తతో పెళ్ళి అయ్యేనాటికే అది ఉందట. "మచ్చ చూసి జాలిపడి చేసుకున్నా, లేకపోతే ఈ మొహానికి ఎవరిస్తారు," అంటుంది అత్త.

అరవై ఒకటి తుఫానులో వాళ్ళ అన్న దోనె తిరిగి రాలేదు. ఊళ్ళో చర్చి గోడలు తప్ప ఇళ్ళు లేవు. కొండ మీద అడవి మొత్తం పడుకుంది, మూడు తెల్ల బూరుగులు మాత్రం నిలబడ్డాయి. మామ తొమ్మిది రోజులు అన్న కోసం సముద్రం మీద తిరిగాడు. అన్న దొరకలేదు. తొమ్మిదో రోజు ఈ గుట్ట దొరికింది. పాత దిబ్బలన్నీ పిండైపోతే ఇది చెక్కుచెదరకుండా కటకటలాడుతోందట. ఆనవాలు పట్టుకుని ఇంటికొచ్చాడు. ముప్ఫై ఏడేళ్ళలో అక్కడ ఒక్క గేలం వెయ్యలేదు. ఎందుకని అడిగితే, "ఇంట్లో వండుకునేచోట ఎవడైనా వేటాడతాడేంట్రా," అంటాడు. 

ఈ కథ ఆయన పిల్లలకి చెప్పడు. చెప్పకుండానే వాళ్ళకి తెలిసినట్టుంటుంది. 

ఆ మూడు బూరుగుల్లో ఒకటి వంటింటి ఆనవాలని నేను ఎప్పుడో పసిగట్టాను. అడవి వారంలో మామ పిల్లల్ని కొండెక్కించి మూడు చెట్ల దగ్గరా ఆపుతాడు. కత్తి తీసి, కాండాన్ని అల్లుకున్న తీగలు కోసి పారేస్తాడు. 'చెట్టుకి ఊపిరాడాలి' అంటాడు. అసలు సంగతి, తీగలు పైకెక్కి కొమ్మలు కప్పేస్తే సముద్రం మీంచి ఆ చెట్టు తల గుర్తుపట్టలేం. ఒక్కదానికే కోస్తే నాలాంటివాడికి దొరికిపోతుంది. అందుకని మూడింటికీ కోస్తాడు. సముద్రం మీద ఇంకో తెలివి. వంటింటి మీద ఎప్పుడూ లంగరు వెయ్యడు. ఎగువన మమ్మల్ని నీళ్ళలో దింపుతాడు, మేం నీటివాలుకి కొట్టుకుంటూ గుట్ట మీదుగా పోతాం, ఆయన దిగువన పడవలోకి ఎక్కించుకుంటాడు. లంగరు పడితే పగడం విరుగుతుందంటాడు. నిజమే. కానీ నీళ్ళలో తేలేవాడి కంటికి గట్టు కనపడదన్నది కూడా నిజమే. ఏడేళ్ళు వంటింటి మీదుగా ఈదాను. పడవలోంచి ఒక్కసారి కూడా దాన్ని చూడలేదు. 

ఆ జూన్లో నా పేరు మీద మొదటిసారి ఒక ఉత్తరం వచ్చింది. విద్యార్థుల్ని తీసుకొచ్చే మిస్ హాలరన్ రాసింది. చేతులు కడుక్కుని మరీ విప్పాను. 

లైసెన్సు లేనివాళ్ళు వచ్చే ఏటి నుంచి అతిథుల్ని తిప్పకూడదని సర్కారు రూలు పెట్టింది. పరీక్ష రాయాలి. రాయలేని పెద్దవాళ్ళు నోటితో చెప్పొచ్చు. నాకు లైసెన్సు అప్పటికే ఉంది. 'ఫెర్మిన్‌కి నువ్వే నేర్పాలి,' అని రాసింది. 'అతనికి రాకపోతే చుక్కాని నీకే ఇవ్వాల్సి వస్తుంది. అలా జరగకూడదని నా కోరిక.' 

ఆఖరి వాక్యం నాలుగుసార్లు చదివాను. 

రూలు సంగతి ఊళ్ళో పాకినట్టుంది, మామ ఆ సాయంత్రమే వచ్చాడు. వెంట ఫెలిసిటా అత్త కర్రపెండలం రొట్టెలు గుడ్డలో చుట్టి తెచ్చింది. 

"గురుదక్షిణ ముందే తెచ్చేశాం," అంది అత్త. "ఈయన బుర్రలోకి ఎక్కించడం తేలిక కాదు నాయనా. పెళ్ళైన కొత్తలో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో చెప్పా, ఇంకా ఎక్కలేదు."

"నువ్వు దాన్ని రోజుకోచోట దాస్తావు, అది నా తప్పా?" అని మామ నావైపు తిరిగాడు. "అల్లుడూ, ఊరికే నేర్పమనడం లేదు. నువ్వు నాకు పుస్తకం చెప్పు. నేను నీకు వంటిల్లు ఇస్తా."

"ఆనవాలా?"

"ఆనవాలే. నాకు ఇవ్వడానికి కూతుర్లేదు కాబట్టే ధైర్యంగా అల్లుడూ అంటున్నా. ఇంకేం ఇవ్వగలను?" 

అత్త ఏదో అనబోయి ఆయన మొహం చూసి ఊరుకుంది. నాకు నవ్వొచ్చింది. ఏడేళ్ళు దాచినవాడు ఈ రోజు ఇస్తాడట. ఈయన కూడా నన్ను చుట్టించడానికి చూస్తున్నాడు అనుకున్నాను. 

పాఠాలు దోనె మీదే జరిగాయి. ఆగస్టు, సెప్టెంబరు. ఆయన ముందు నేను పంతుల్ని, అదొక్కటే ఆ రెండు నెలల్లో తీపి. చేపలవీ చెట్లవీ మేం పిలిచే పేర్లన్నీ ఆయనకి తెలుసు, పుస్తకం పేర్లే కొత్త. ఒక్కో పేరునీ ఊళ్ళో ఎవరో ఒకరికి అంటగట్టి గుర్తుపెట్టుకునేవాడు. మెదడు ఆకారపు పగడానికి మా చర్చి పాదిరీ పేరు పెట్టాడు. ఎందుకంటే, "పైకి అంతా మెదడే, లోపల రాయి" అన్నాడు. పక్కనే డామినో ఆడుతున్న ముసలాళ్ళు విరగబడి నవ్వారు. నలభై ఒక్క పేర్లు నేను ఏడేళ్ళు చదివి నేర్చాను. ఆయన ముప్ఫై రోజుల్లో నేర్చాడు. 

"పంతులు గట్టివాడే," అన్నాడొక ముసలాయన. "బొంగరం తిరగడం ఆపి నించుంటే దానిలో ఇంత చదువుంటుందని తెలీదు."

"వాడి దగ్గర చదువుకున్నది నేను, పొగుడు నన్ను," అన్నాడు మామ. మళ్ళీ అందరూ ఆయన మాటకే నవ్వారు. 

మర్నాడు అసలు పగడం అంటే ఏమిటన్న పాఠానికొచ్చాం. ప్రతి పరీక్షలోనూ అడిగే ప్రశ్న అది: పగడం రాయా, మొక్కా, జంతువా? 

"మొక్క," అన్నాను. 

నోరు దానంతటదే అనేసిందని చెప్పను. అది జంతువని తెలిసి, రాత్రంతా పడుకుని ఆలోచించే అన్నాను. 

మామ కళ్ళు చికిలించాడు. "మొక్కా? మొక్క కుడుతుందేంట్రా?"

"దురదగొండి కుట్టదా?"

"కుడుతుందనుకో. కానీ ఇది తింటుంది. పొద్దుగూకే వేళ వేళ్ళు బయటపెట్టి నోట్లో పెట్టుకోవడం నేను చూశా."

"పుస్తకంలో మొక్కనే ఉంది. నీకు లైసెన్సు కావాలా, నీ మాట నెగ్గడం కావాలా?"

 "సరే," అన్నాడు చివరికి, "మొక్క. నువ్వు చదివినవాడివి." ఆ ఒక్కటే కాదు, దాని మీద ఆధారపడే ఇంకో నాలుగు జవాబులూ అలాగే నేర్పాను. వాటిలో తప్పితే ఆయన పాసవడు. లెక్క చూసుకునే నేర్పాను. 

పాఠాలు అయిపోయిన రోజు మామ నన్ను కొండెక్కించాడు. ఆనవాలు సముద్రం మీద చెప్పరు, గట్టు మీదే చెబుతారు, అది పద్ధతి. వాన వెలిసిన అడవిలో ఆకులు ఇంకా కారుతున్నాయి. ఆయన ముందు నడుస్తూ చేత్తో కొమ్మలు తడుముకుంటూ పోయాడు. మధ్య బూరుగు దగ్గర ఆగి, రెండు అరచేతులూ కాండం మీద ఆనించి, కింద నుంచి భుజమెత్తు దాకా నెమ్మదిగా నిమిరాడు. 

"ఇది," అన్నాడు. "ఈ చెట్టు తల చర్చి కప్పు మీద కూర్చోవాలి. అటుపక్క ఇసుక తిప్ప తోక పెద్ద దీవి చాటునుంచి అప్పుడే బయటపడాలి, వేలెడు సందు. అంతే. మా ఆవిడకి కూడా చెప్పలేదు."

ఆ చెట్టునే సూటిగా చూస్తూ చెప్పాడు. తన ఆనవాలుని అలా చూస్తూ చెప్పేవాడు మాలో పుట్టలేదు. అబద్ధమని తేలిపోయింది. నాకు పెద్ద బరువు దిగినట్టయింది. నేనో అబద్ధం ఇచ్చాను, ఆయనో అబద్ధం ఇచ్చాడు, చెల్లుకు చెల్లు. ఇంటికొచ్చి హాయిగా తిన్నాను. ఆ ఆనవాలు పట్టుకుని ఒక్కసారి కూడా వెతకడానికి పోలేదు. ఇంకోసారి బొంగరాన్ని కాదల్చుకోలేదు. 

అక్టోబరులో పరీక్ష, పట్నంలో. తోడు వచ్చినవాళ్ళు వెనక బెంచీ మీద కూర్చోవచ్చన్నారు. ప్రశ్నలడిగే అమ్మాయికి నా వయసుంటుంది. మామ టోపీ తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని, ఒక్కో పేరు చెబుతుంటే ఆమె పెన్ను ఆపి చూస్తోంది. ఇరవై మూడో ప్రశ్న చదివింది. 

"పగడం ఏమిటండీ? రాయా, మొక్కా, జంతువా?"

"మా పంతులు మొక్క అని చెప్పాడమ్మా."

నా చెవులు కాలిపోయాయి. 

"మీ జవాబు మొక్కేనా?"

"ఉండమ్మా." టోపీ అటూ ఇటూ తిప్పాడు. "మావాడు బాగా చదివినవాడు. పుస్తకంలో ఉన్నదే చెబుతాడు. కానీ నేను దాని పక్కన మొహం పెట్టి చూసినవాణ్ణి. మొక్కకి ఆకలి ఉంటుందేమో గానీ నోరుండదు. దీనికి నోరుంది. జంతువని రాసుకో. తప్పైతే ఆ తప్పు నాది, వాడిది కాదు."

తర్వాతి నాలుగు జవాబులూ దాన్నిబట్టి తనే మార్చుకున్నాడు. పాసయ్యాడు. 

తిరుగు బస్సు కోసం నిలబడ్డాం. బోర్డు మీద ఊరి పేరేంటని అడిగాడు, చదివి చెప్పాను. కిటికీ పక్కన కూర్చుని పొట్లంలో చేప ముక్క సగం తుంచి నా చేతిలో పెట్టాడు. 

"ఆ పుస్తకం పాతదై ఉంటుందిరా అల్లుడూ," అన్నాడు. 

"అయ్యుంటుంది." 

తెలిసి అన్నాడో తెలియక అన్నాడో ఈనాటికీ నాకు తెలీదు. తెలిసే అంటే నన్ను క్షమించినట్టు. నన్ను క్షమించే హక్కు ఆయనకెవరిచ్చారు? 

ఫిబ్రవరిలో మిస్ హాలరన్ ఇరవై ఇద్దరు పిల్లలతో దిగింది. దిగీ దిగగానే మామని కావిలించుకుంది. నాకు చెయ్యి ఇచ్చింది. అడవి వారం అయింది, మూడు బూరుగులకీ తీగలు కోశాం. సముద్రం వారంలో మూడో రోజు వంటింటికి బయల్దేరాం. ఆకాశం కడిగినట్టుంది. గట్టు, చర్చి ఎర్ర కప్పు, వెనక నీలపు కొండ, కొండ మీద మూడు చెట్ల తలలు గీసినట్టు కనిపిస్తున్నాయి. 

మామ ఇంజను తగ్గించాడు. ఎప్పుడూ ఈ సమయానికి ఆయన మొహం సముద్రం వైపు ఉంటుంది, ఏదో పాట అందుకుని పిల్లల చేత పాడిస్తుంటాడు. ఈసారి పాట లేదు. మొహం గట్టు వైపే పెట్టి, కళ్ళు చిట్లించి చూస్తున్నాడు. కళ్ళెంబడి నీరు కారుతోంది. 

"సిల్వానో," అన్నాడు పిల్లలకి అర్థం కాకుండా మా భాషలో, మెల్లగా. "నా చెట్టు ఎక్కడుంది?"

మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అంతా అర్థమైంది. చేత్తో తడుముకుంటూ కొండెక్కడం. చెట్టుని నిమిరి పోల్చుకోవడం. బస్సు బోర్డు. చదవడం రానివాడు బోర్డు చదవకపోతే ఎవరనుమానిస్తారు? ఆయనకి దూరం చూపు పోయింది. దగ్గరి నీరు, దాని రంగు, లోతు తెలుస్తున్నాయి. గట్టు మాత్రం పొగ. ఆనవాలు నాకిచ్చింది నా చదువుకి బదులుగా కాదు. దాన్ని చూసే కళ్ళు ఇంకెక్కడా లేక. 

అయితే నిజమే చెప్పాడా?

"కనపడ్డం లేదు మామా," అన్నాను. "పొగమంచుగా ఉంది."

ఆయన చర్మం మీద ఎండ చురుక్కుమంటోంది. పొగమంచు లేదని ఆ చర్మానికే తెలుస్తుంది. అయినా చుక్కాని తిప్పి పడవని ఒక చుట్టు తిప్పాడు. నీటి రంగు కోసం అంచు మీంచి వంగి చూశాడు. నీలం. ఇంకో చుట్టు.  ఒకమ్మాయి కిసుక్కుమంది. మిస్ హాలరన్ చేతి గడియారం చూసుకుని నావైపు చూసింది. ఏడేళ్ళలో మొదటిసారి, ఆయన్ని దాటి నావైపు చూసింది. 

ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది ఇదే. 

అదే సమయానికి మా ఊరి దోనె ఒకటి శంఖాల వేట నుంచి వస్తూ మా పక్కగా పోయింది. "ఏం ఫెర్మిన్, బొంగరం ఆట నీకూ నేర్పాడా?" అని అరిచారు అందులోంచి. అందరూ నవ్వారు. మామ కూడా నవ్వి చెయ్యి ఊపాడు. ఊపిన చెయ్యి మళ్ళీ చుక్కాని మీదికి వచ్చేటప్పుడు ఒక జానెడు పక్కన పడి, వెతుక్కుంది. 

మూడో చుట్టు మొదలైంది. నేను గట్టు చూస్తున్నాను. మధ్య బూరుగు తల కొండ మీద మెల్లగా జరుగుతూ చర్చి కప్పు వైపు వస్తోంది. అటుపక్క పెద్ద దీవి చాటున ఇసుక తిప్ప తోక ఇంకా కనపడలేదు. నేను నోరు విప్పకపోతే ఇంకో నిమిషంలో దాటిపోతాం. జాలితో విప్పానని చెబితే బాగుంటుంది, కానీ కాదు. నాకు తెలియాలి. ఆ రోజు కొండ మీద ఆయన నాకు నిజం చెప్పాడా, అబద్ధం చెప్పాడా, అది తెలియకుండా ఇంకొక్క రోజు కూడా బతకలేననిపించింది. 

"ఎడమకి మామా," అన్నాను. "ఇంకా. చెట్టు కప్పు మీద కూర్చుంది. ఇలాగే పోనీ. పోనీ. తోక బయటపడుతోంది. వేలెడు. ఆపు."

ఇంజను ఆగింది. పడవ కింద నీరు నీలం నుంచి తేనెరంగుకి తిరిగింది. 

నిజమే చెప్పాడు. 

ఆ క్షణం నాకు సంతోషం కలగలేదు. చెల్లుకు చెల్లన్న లెక్క పోయింది. మిగిలింది నా అబద్ధం ఒక్కటే. అది నాతోపాటు పడవలో కూర్చునుంది. 

మామ పడవని ఎగువకి తిప్పాడు. నేను నీటి కళ్ళద్దాలు తగిలించుకుంటుంటే భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు దిగకు. వాళ్ళతో టీచరమ్మ దిగుతుంది. నువ్వు పైనుండి గట్టు చూడు, కడుపునిండా చూడు. నా కంటికి ఆ చెట్టు మాయమై ఏడాది అవుతోంది. పోయినేడు కూడా సగం ఊహతోనే పట్టా. ఆ రోజు కొండ మీద బెరడు నిమిరితే నా పాత కత్తిగాటు చేతికి తగిలింది కాబట్టి మధ్యదని తెలిసింది."

"అత్తకి తెలుసా?"

"ఉప్పు డబ్బా ఎదురుగా పెట్టి కూడా దొరకలేదంటే తెలీదా?"

పిల్లలు తలలు నీళ్ళలో పెట్టి విన్నారు. పైకి తేలి ఒకరినొకరు పట్టుకుని అరిచారు. పడవెక్కుతూ ఒక్కొక్కరూ మామని వాటేసుకున్నారు. మూడు చుట్లు తిప్పి ఊరించి మరీ చూపించాడని ఒకడన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తువ్వాళ్ళు అందించాను. 

మేలో ఉత్తరాలొచ్చాయి. ఇరవై ఒకటి. మామ దోనె మీద కూర్చున్నాడు, నేను చదివాను. ఒక పిల్ల రాసింది: 'మీరు కళ్ళతో కాదు, మనసుతో ఆ చోటు కనుక్కుంటారని మాకు అర్థమైంది.' ఆ వాక్యం మింగెయ్యాలనిపించింది. మింగలేదు. మొత్తం చదివాను. మామ పడీ పడీ నవ్వాడు. 

"మనసంట! నీ రెండు కళ్ళూ అరువిచ్చావని తెలీదు పాపం." నవ్వు ఆగాక, "కాయితం తియ్యి," అన్నాడు. "టీచరమ్మకి రాయాలి. చెప్పేది చెప్పినట్టు రాయి. అమ్మా, నాకు దూరం చూపు లేదు. ఈ ఏడు వంటిల్లు కనిపెట్టింది సిల్వానో. పేర్లన్నీ కూడా వాడికే తెలుసు. వచ్చే ఏడు చుక్కాని వాడికివ్వండి, నేను వెనక కూర్చుంటాను. రాశావా?"

నేను కలం పట్టుకుని కూర్చున్నాను. ఆ చుక్కాని నాకు కావాలి. ఏడేళ్ళుగా కావాలి, ఇప్పుడూ కావాలి. ఒక్క నాలుగు వరసలు రాస్తే చాలు. కానీ అన్నింట్లోనూ ఈయనే నాకంటే ముందున్నాడు. పేర్లు నేర్చుకోవడంలో, నిజం చెప్పడంలో, నా తప్పు కప్పెయ్యడంలో. ఇప్పుడు ఓడిపోవడంలో కూడా ఈయనే ముందుంటే, ఇక నాకు మిగిలేదేమిటి? 

రాశాను. 'అమ్మా, మూడు బూరుగులకీ తీగలు కోశాం. పగడం మొక్క కాదు, జంతువు. మామకి మొదట దీన్ని తప్పుగా నేర్పింది నేనే. వచ్చే ఫిబ్రవరికి ఇద్దరం ఎదురుచూస్తుంటాం. చుక్కాని మామదే.'

"ఏదీ, చదువు," అన్నాడు. 

కాగితం ఎత్తి పట్టుకుని, ఆయన చెప్పిందంతా పొల్లుపోకుండా, దాని మీద ఉన్నట్టే చదివాను. దూరం చూపు లేదన్న ముక్కా, చుక్కాని వాడికివ్వండన్న ముక్కా, అన్నీ. 

"బాగుంది," అన్నాడు మామ. కలం అందుకుని, కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, తన సంతకం పెట్టాడు. ఆయన సంతకం ఒక చేప బొమ్మ. ఈసారి దానికి కన్ను పెట్టడం మర్చిపోయాడు. నేను పెట్టాను.